ముందు నడిచిన ఆడగుర్రం

రాజుగారి యాగాశ్వం తొక్కిన నేలంతా రాజుదే. దాన్ని ఎవరూ ఆపకూడదని పురోహితుడి మాట. అది రాజంటే ఎరగని ఓ పల్లె పొలిమేరకొచ్చింది. అక్కడ ముసలి నాగసిరి అడ్డంగా నిలబడి ఉంది.

"తప్పుకో ముసలిదానా, ఇక మీ కొర్రచేలు రాజువే," అన్నాడు భటులతో వెంటొచ్చిన పురోహితుడు.

నాగసిరి తప్పుకుంది. ఎదకొచ్చిన తన ఆడగుర్రాన్నెక్కి రాజధాని దారి పట్టింది. యాగాశ్వం సకిలిస్తూ వెంటపడింది.

"ఆపండర్రా," అన్నాడు పురోహితుడు. ఆపకూడదన్నది ఆయనే కదాని భటులు కదల్లేదు.

కోటలోకి ముందు ఆడగుర్రం, వెనక యాగాశ్వం వచ్చాయి.

"తొక్కితే సొంతమన్నారు. నీ గుర్రం కంటే ముందు నాది తొక్కిన ఈ కోట ఎవరిది నాయనా?" అంది నాగసిరి.

రాజు మొహం మాడింది. "మీ పొలిమేర జోలికి రాను," అన్నాడు.

"అయితే నీ కోట నువ్వే ఉంచుకో. ఇంత వాకిలి నేనూడ్వలేను. ముందు నీ గుర్రాన్ని కట్టేసుకో, మాది ఇంటికి పోవాలి."

రాజు తన చేత్తోనే కట్టేసుకున్నాడు.