చెమటకి మూడు రేకులు

పోలయ్య, గౌరీసు, సన్నాసి ముగ్గురన్నదమ్ములు. ఊళ్ళో తెలివంటూ ఉంటే అది తమ ఇంట్లోనే ఉందని వాళ్ళ నమ్మకం. ఆ ఇంటికి కప్పే సరిగ్గా లేదు, అది వేరే సంగతి. "వానలు దిగేలోగా ఆ కప్పు చూడండ్రా నాయనా! ఈ దగ్గుతో ఇంకో వానాకాలం తడిస్తే నేను బతకను" అని వాళ్ళమ్మ ఎర్నమ్మ రోజూ మొత్తుకుంటోంది, పాపం.

ముగ్గురికీ జగ్గారావుగారి బెల్లం గానుగలో పని. ఒకనాడు ఆయన కూలీలందర్నీ పిలిచి, "కూలి అందరికీ ఒకటేనర్రా. బాగా పనిచేసినవాళ్ళకి పైన బోనస్‌గా మూడు ఇనప రేకులిస్తాను. నేను తిరిగొచ్చేసరికి ఎవరి ఒంటిమీద బట్ట చెమటకి తడిసుంటే వాళ్ళవి" అని చెప్పి భోజనానికి వెళ్ళాడు.

అంతే. ముగ్గురూ చెరుకు ఎక్కడిదక్కడ పడేసి, గొంగళ్ళు కప్పుకుని బెల్లం వండే పొయ్యి ముందు కూర్చున్నారు.

"నీళ్ళు పోసుకుంటే పోలా?" అన్నాడు సన్నాసి.

"ఛీ, మోసమా? కష్టపడి చెమట పట్టించుకోవాలిరా!" అన్నాడు పోలయ్య.

చెమట చాల్లేదని మంట ఎగదోశారు. ఇంకేముంది, పెనంలో బెల్లం మాడి బొగ్గయింది. పొగ చూసి జగ్గారావుగారు ఎంగిలి చేత్తోనే పరిగెత్తుకొచ్చాడు. ముగ్గురూ చొక్కాలు పిండి చూపించారు. పొద్దుట్నించీ నీడన కూర్చుని గానుగలోకి చెరుకందించిన గవిరమ్మ చీర మాత్రం పొడిగా ఉంది. ఆవిడకేమీ రాలేదు.

"మాటిచ్చి చచ్చాను, పట్టుకుపొండి! రేపట్నించి మాత్రం ఈ ఛాయలకి రాకండి" అన్నాడు జగ్గారావుగారు, నెత్తి కొట్టుకుని.

"చూశావా అన్నయ్యా, బోనస్ మీద సెలవులు కూడానూ!" అన్నాడు గౌరీసు.

ఇంటికొచ్చి, రేకులుండగా తాటాకెందుకని పాత కప్పంతా పీకి పారేశారు. తీరా చూస్తే అమ్మ మంచానికి పైన కప్పుగా ఎవడి రేకు వెయ్యాలో తేలలేదు. ఎవడి చెమట వాడిది కదా! ఈలోగా వాన దిగనే దిగింది. ఎవడి రేకు వాడు నెత్తిన పెట్టుకుని నిలబడ్డాడు.

"మరి నాకురా?" అంది ఎర్నమ్మ, తడిసి ముద్దై దగ్గుతూ.

"నువ్వు గానుగకి రాలేదు కదమ్మా" అన్నాడు పోలయ్య, ఎంతో మర్యాదగా.

ఎర్నమ్మకి ఒళ్ళు మండింది. "మిమ్మల్ని కన్నాను, పెంచాను, ఇన్నేళ్ళూ పొయ్యి దగ్గర మాడి వండిపెట్టాను. దానికి ఎవడైనా కూలిచ్చాడ్రా?"

ముగ్గురూ వేళ్ళు మడిచి లెక్క చూసుకున్నారు. నిజమే, ఎవడూ ఇవ్వలేదు. ఎంత అన్యాయం! గౌరీసుకి కళ్ళనీళ్ళు తిరిగాయి. అమ్మకి సమానంగా వాటా ఇవ్వాల్సిందేనని ఉలీ సుత్తీ తెచ్చారు. అంచులు కోసిస్తే అమ్మని చిన్నచూపు చూసినట్టుంటుందని, ఒక్కొక్కడూ తన రేకుకి సరిగ్గా నడిమధ్యన గుండ్రంగా ఓ ముక్క కోసి ఆవిడ చేతిలో పెట్టాడు.

"అమ్మయ్య! ఇప్పుడెవరికీ అన్యాయం లేదు" అన్నాడు పోలయ్య, రేకు కన్నంలోంచి తల బయటపెట్టి.