పక్షిరేవులో పది అడుగులు

అనగనగా ఒక అడవిలో, సముద్రానికి దగ్గరగా, ఒక లోతైన మడుగు ఉండేది. మడుగు ఒడ్డున పక్షిరేవు ఉండేది. పడవలకు రేవు ఉన్నప్పుడు రెక్కలకు ఉండొద్దూ? కార్తీకం రాగానే దూరదేశాల నుంచి వేల కొంగలు ఎగిరొచ్చి ఆ రేవులోనే దిగేవి. అవి మన పొలాల్లో తిరిగే చిన్న కొంగలు కావు పిల్లలూ. ఒక్కొక్కటి మేకపిల్లంత బరువు. కాళ్లు మాత్రం సన్నగా రెల్లుపుల్లల్లా ఉంటాయి. దిగేటప్పుడు నాలుగడుగులు పరుగెత్తి ఆగాలి. నేల జారితే కాలు విరుగుతుంది. నీళ్లలో దిగుదామంటే వాటికి ఈత రాదు.

ఆ ఏడు గాలివానకు పక్షిరేవు మొత్తం కొట్టుకుపోయింది. అడవికి పెద్ద అయిన ఏనుగమ్మ అందరినీ పిలిచి, "రేవును మళ్లీ కడదాం. పాతదానికి రెండింతలు కడదాం" అంది. గుత్తేదారు ఎవరు? ఇంకెవరు, అడవిపంది వరాహయ్యే. అతనికి పెద్ద మంద ఉంది, బావమరుదులు ఉన్నారు, అంతకంటే పెద్ద నోరు ఉంది. అయితే ఈసారి ఏనుగమ్మ ఒక షరతు పెట్టింది.

"వరాహయ్యా! పెద్ద పనులన్నీ ఎప్పుడూ మీ మందకే పోతున్నాయి. వాగు అవతలి చిన్న జాతుల్ని ఎవరూ పిలవరు. ఆడవాళ్లు నడుపుకునే పనిపాకల్ని అసలే పిలవరు. ఈసారి మూడో వంతు పని వాళ్లది. వాళ్ల ముద్రలు నా కంటికి కనబడాలి."

ముద్ర సంగతి మీకు చెప్పలేదు కదూ. ఆ అడవిలో ఒక ఆచారం ఉంది. ఎవరు ఏ పని చేసినా మట్టిపలక మీద కాలిముద్ర వేసి, ఆ పని అంచున పాతాలి. పని బాగుంటే మెప్పు ముద్రవాళ్లది. పని చెడితే పూచీ కూడా ముద్రవాళ్లదే.

వాగు అవతల నాంచారి అనే కుట్టుపిట్ట ఉండేది. ఆకు అంచున ముక్కుతో బెజ్జాలు పొడిచి, బూరుగుదూది దారంతో కుట్టేది. ఆమె పాకలో పదకొండు మంది పనిచేసేవారు. అందరూ ఆడవాళ్లే. కానీ ఆర్నెల్లుగా వాళ్లకు పనిలేదు. కార్తీకంలోగా పని దొరక్కపోతే పాక మూసేసి తలో దిక్కూ పోవడమేనని నలుగురు అప్పటికే మూటలు కట్టుకున్నారు. నాంచారికి ఆ మూటలు చూస్తే దుఃఖం వచ్చేది. పక్కనే ఇద్దరు ఇరుగమ్మలు. ఒకరు మట్టితో చిన్న కుండల్లాంటి గూళ్లు కట్టే కుమ్మరిపురుగు మస్తానమ్మ. ఇంకొకరు కాలువలు తవ్వే పందికొక్కు ఎంకాయమ్మ. ఇద్దరికీ సొంత పాకలున్నాయి. ఇద్దరికీ పనిలేదు.

ఒక పొద్దున వరాహయ్య మూడు తడి మట్టిపలకలు మోసుకుని వచ్చాడు. ముగ్గురినీ పిలిచాడు.

"చెల్లెమ్మలూ, మీకు మంచికాలం వచ్చింది! ఈ పలకల మీద కాలు పెట్టండి, చాలు. రోజూ మీ గడపలోకి తిండి వస్తది. మీరు రేవు మొహం కూడా చూడక్కర్లా."

నాంచారి తల పక్కకు వంచింది. "మరి పని ఏందన్నా?" అని అడిగింది.

"పని మావాళ్లు చూసుకుంటార్లే. మీకెందుకు ఆ ఎండ?"

"పని మీవాళ్లు చేస్తే ముద్ర కూడా మీవాళ్లదే ఉండాల గదా?"

వరాహయ్య నవ్వాడు. "ఏనుగమ్మకు ముద్రలు కావాల. నాకు పని కావాల. మీకు తిండి కావాల. అందరికీ దక్కుతుంది గదా చెల్లెమ్మా. ఇందులో నష్టపోయేది ఎవరో చెప్పు!"

ఎంత తియ్యగా చెప్పాడో చూశారా! ఇలాంటి మాటలు వింటే నాకు ఒళ్లు మండుతుంది. కానీ ఆకలితో ఉన్నవాళ్ల చెవికి అవి వేరేగా వినిపిస్తాయి. ఎంకాయమ్మ నిట్టూర్చింది.

"నాకు ఎనిమిది మంది పిల్లలు నాంచారీ. మోకాళ్లు కూడా పట్టేస్తున్నాయి. ఇంటికొచ్చే దుంపల్ని వద్దంటానా?" అని పలక మీద కాలు పెట్టేసింది.

మస్తానమ్మ కూడా కాలెత్తింది. ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచి నాంచారి వైపు చూసింది.

"నేను ముద్ర వెయ్యను" అంది నాంచారి. "ఏనుగమ్మ మాకు ఇమ్మన్నది పని. మాకు పనే కావాల."

మస్తానమ్మ కాలు దించేసింది. "అక్క ఏమంటే నేనూ అదే" అంది.

మర్నాడు వరాహయ్య మళ్లీ వచ్చాడు. ఈసారి నవ్వు లేదు. "పిట్ట కొంచెం, కూత ఘనం! మీ పాకలో అంతా కలిపితే నా చెవంత లేరు. మీరు కట్టేదేంది? ముద్ర వెయ్యకపోతే నీకు ఈ అడవిలో ఒక్క ఆకు కూడా దొరక్కుండా చేస్తా" అని గుర్రుమన్నాడు.

నాంచారికి భయం వేసింది. భయం వేయలేదని చెప్తే అబద్ధం అవుతుంది. అతను వెళ్లాక పాకలో అందరికంటే పెద్దదైన కుట్టుపిట్ట కోప్పడింది. "ముద్ర వేస్తే నీదేం పోయింది? ఈ పట్టుదల కడుపు నింపుతుందా?"

"పిన్నీ, రేపు ఎవరైనా పని ఇవ్వబోతూ, 'రేవులో ఏం కుట్టారు?' అని అడుగుతారు. ఏం చెప్పేది? కూర్చుని తిన్నామని చెప్పేదా?"

పెద్దపిట్ట విసవిసా వెళ్లి దూది ఏకడం మొదలుపెట్టింది.

మూడోసారి వరాహయ్య తనంతట తాను రాలేదు, రావాల్సి వచ్చింది. ఇంకా రెండు ముద్రలు తక్కువ ఉన్నాయేమని ఏనుగమ్మ రోజూ అడుగుతోంది. అతను దారంతా ఒక ఉపాయం ఆలోచించుకుంటూ వచ్చాడు.

"సరే, మీ మాటే కానీ. దక్షిణం మూల పది ఏనుగు అడుగుల చోటు మీకిస్తున్నా. కట్టుకోండి."

దక్షిణం మూల సంగతి అడవిలో అందరికీ తెలుసు. అక్కడ కింద ఊట ఉంది. వేసిన మట్టి వేసినట్టు కరిగిపోతుంది. వీళ్లు కట్టలేక పారిపోతే, "చూశారా, వీళ్లకు పనిస్తే ఇంతే" అనొచ్చని వరాహయ్య ఎత్తు.

నాంచారికి అది అర్థమైంది. అయినా, "ఆ మాటే ఏనుగమ్మ ముందు చెప్పన్నా. తీసుకుంటాం" అంది. అతనికి చెప్పక తప్పలేదు.

పాకలో అందరూ గంతులేశారు. ఇల్లు అలకగానే పండగ కాదని నాంచారికి తెలుసు. మస్తానమ్మ తన జట్టుతో దిగింది. వాళ్లు మట్టిని చిన్న చిన్న ఉండలు చేసి, నోటి జిగురుతో పిసికి, పూత మీద పూత పూశారు. ఆ పూత ఆరితే వానకు కరగదు. ఊట నీళ్లు పోవడానికి అడుగున సన్నని గొట్టాలు కూడా కట్టారు. దాని మీద నాంచారి జట్టు టేకాకుల చాపలు కుట్టి పరిచింది. ఇరవై చాపలు అయ్యాక, బరువు చూడ్డానికి ఒక గేదెను నడిపించారు.

మొదటి అడుగుకే చాప చర్రున చిరిగింది.

అవతల వరాహయ్య మంద పగలబడి నవ్వింది. పెద్దపిట్ట అక్కడే కూలబడి ఏడ్చింది. నాంచారికీ ఏడుపొచ్చింది. కానీ ఏడుస్తూనే చిరుగు దగ్గర వాలి చూసింది. దారం తెగలేదు. ముడి విడలేదు. ఆకు చిరిగింది, అదీ బెజ్జాల వరుస వెంటే చిరిగింది.

"పిన్నీ, తప్పు మనదే" అంది. "గూడు కుట్టేటప్పుడు బెజ్జాలన్నీ ఒకే వరుసలో పొడుస్తాం. అట్టా ఉంటేనే అందమని మా అమ్మ నేర్పింది. గూటిలో కూర్చునేది గుడ్డు. ఇక్కడ దిగేది కొంగ. బెజ్జాలు అటొకటి ఇటొకటి వెయ్యాల. మూడు ఆకులు అడ్డంగా నిలువుగా పేర్చాల."

"అంటే ఇరవై చాపలూ విప్పాలనా?"

"విప్పాల."

విప్పారు. ముక్కులు పుళ్లు పడేలా మళ్లీ కుట్టారు. మూటలు కట్టుకున్న నలుగురూ మూటలు విప్పి, అందులో దాచుకున్న దూది కూడా ఇచ్చారు. గేదె మళ్లీ వచ్చింది. ఒకసారి నడిచింది, రెండోసారి నడిచింది, మూడోసారి పరుగెత్తింది. చాప కదల్లేదు. అప్పుడు నాంచారి, మస్తానమ్మ తమ పలకల మీద కాలిముద్రలు వేసి అంచున పాతారు.

ఈలోగా వరాహయ్య మంద మిగిలిన రేవంతా తొమ్మిది రోజుల్లో ముగించింది. ముట్టెలతో మట్టి తోశారు, తొక్కారు, నున్నగా మెత్తారు. చూడ్డానికి పలకలా మెరుస్తోంది. వాననీళ్లు మడుగులోకి పోవడానికి వెయ్యాల్సిన కాలువ మాత్రం బావమరుదులు సగం తవ్వి, మిగతా సగం మీద మట్టి కప్పేశారు. దాని పక్కన ఎంకాయమ్మ ముద్ర పాతారు. ఎంకాయమ్మ ఇంట్లో కూర్చుని దుంపలు తింటోంది. ఏనుగమ్మ వచ్చి ముద్రలు లెక్కపెట్టుకుని, తృప్తిగా తలూపి వెళ్లింది. ముద్ర వేసినవాళ్లే తవ్వారా అని ఆమె అడగలేదు. పెద్దవాళ్లూ పొరపాట్లు చేస్తారు మరి.

కొంగలు నాలుగు రోజులు ముందే వచ్చాయి. వానను వెంటబెట్టుకుని వచ్చాయి. పొద్దున లేచి చూస్తే ఆకాశం నిండా తెల్లటి రెక్కలే. ముందు వచ్చిన కొంగ వరాహయ్య కట్టిన చోట దిగింది. దిగీదిగగానే జర్రున జారి, బోర్లా పడి, బురదలో దొర్లింది. అదృష్టం బాగుండి కాలు విరగలేదు, రెక్క బెణికింది. దాన్ని చూసి మిగతావన్నీ పైకి లేచిపోయాయి. పాపం, ఎన్ని సముద్రాలు దాటి వచ్చాయో. రెక్కల్లో సత్తువ లేదు. గుండ్రంగా తిరుగుతున్నాయి. ఒక్కొక్కటీ కిందికి జారుతోంది. కింద లోతు మడుగు.

నాంచారి వానలోకి ఎగిరింది. చినుకు తగిలితే పల్టీ కొట్టే పిట్ట, కొంగల పెద్ద ముక్కు దగ్గరదాకా పోయింది.

"దక్షిణం మూలకు రండి! అక్కడ జారదు!"

కొంగల పెద్ద కిందికి చూసింది. "ఆ కాస్త చోటా?"

"ఒక్కొక్కరే దిగండి. దిగినవాళ్లు ఆగకుండా వెనక చెట్ల కిందికి నడవండి. మావాళ్లు దారి చూపిస్తారు."

కొంగల పెద్దే ముందు దిగింది. కాళ్లు ఆనాయి. నాలుగడుగులు పరుగెత్తింది. ఆగింది. వెనకే ఇంకొకటి, ఆ వెనక ఇంకొకటి. కుట్టుపిట్టలు అటూ ఇటూ నిలబడి "నడవండి, నడవండి" అని అరుస్తున్నాయి.

కానీ వరాహయ్య కట్టిన పెద్ద గట్టు మీద పడిన నీళ్లకు పోయే దారి లేదు. గట్టు జారి, బురదనీళ్లు దక్షిణం మూల వైపే పొంగుతున్నాయి. ఇంకాసేపైతే చాపలు మునుగుతాయి. ఆకాశంలో ఇంకా సగం కొంగలున్నాయి.

ఏనుగమ్మ పరుగున వచ్చింది. "కాలువ తవ్విందెవరు?" అని గర్జించింది.

వరాహయ్య తడుముకోలేదు. "ముద్ర చూడండమ్మా. పందికొక్కుది. నాకేం సంబంధం?"

గోల విని పిల్లలతో పరుగెత్తుకొచ్చిన ఎంకాయమ్మ ఆ మాట విన్నది. "నేను ఒక్క మట్టిపెళ్ల కూడా తియ్యలేదమ్మా! అంతా వాళ్లే..."

"మరి కాలెందుకు పెట్టావు?" అంది ఏనుగమ్మ.

ఎంకాయమ్మ తల దించుకుంది. "దుంపల కోసం పెట్టానమ్మా" అంది. ఆ మాట చెప్పడానికి కూడా ధైర్యం కావాలి.

"దీన్ని అడవి నుంచి తరిమేయండి!" అని వరాహయ్య అరిచాడు.

నాంచారి వచ్చి ఎంకాయమ్మ ముందు వాలింది. "తరమడం తర్వాత. ఈ అడవిలో కాలువ తవ్వడం ఈ వదినకు తెలిసినట్టు ఎవరికీ తెలీదు. ఆమెను ముద్ర అడిగారేగాని పని అడిగినవాళ్లు లేరు. ఇప్పుడు మీరు అడగండమ్మా!"

ముద్రలు లెక్కపెట్టి వెళ్లిపోయిన రోజు గుర్తొచ్చి ఏనుగమ్మకు సిగ్గేసింది. "ఎంకాయమ్మా, తవ్వుతావా?" అంది.

ఎంకాయమ్మ తల ఎత్తింది. మట్టి వాసన చూసింది, వాలు చూసింది, బురదలోకి దూకింది. మోకాళ్ల నొప్పి మరిచిపోయింది. ఆమె పిల్లలు ఎనిమిది మందీ వెనకే దూకారు. తీసిన మట్టిని ఎవరు మోశారనుకున్నారు? వరాహయ్య, అతని బావమరుదులు. ఏనుగమ్మ తొండం ఎత్తుకుని వాళ్ల వెనకే నిలబడింది. ఆ రోజు నుంచి ఆ రేవులో వాళ్ల పని మట్టి మోయడమే.

మధ్యాహ్నానికి కాలువకు అడ్డుగా ఉన్న మట్టి తెగింది. బురదనీళ్లు గలగలమంటూ మడుగులోకి దారి పట్టాయి. చాపల అంచుదాకా వచ్చిన నీళ్లు వెనక్కి తగ్గాయి. కొంగలు దిగుతూనే ఉన్నాయి.

సాయంత్రానికి వాన వెలిసింది. ఆకాశంలో ఒక్క కొంగ కూడా మిగల్లేదు. అన్నీ నేల మీదే ఉన్నాయి, ఒంటికాలి మీద నిలబడి హాయిగా నిద్రపోతున్నాయి.

నీతి: చెయ్యని పనికి నీ పేరు అరువివ్వకు, నీ వాటా పనిని అడిగి తీసుకుని, చేసి చూపించు.