అటక మీది నాలుగు సీసాలు

గుండయ్యస్వామికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న వేస్తే జవాబు చెప్పేవాడు కాదు, పని చెప్పేవాడు. మనసు నిలవడం లేదన్నవాడి చేత బావి పూడిక తీయించాడు. దేవుడు ఎక్కడుంటాడని అడిగినవాడి చేత మూడు రోజులు జొన్నల్లో రాళ్లు ఏరించాడు. అందుకే రాయదుర్గం దాటాక గుట్టల మధ్య ఉన్న ఆ చిన్న మఠంలో ప్రశ్నలు తక్కువగా ఉండేవి, పనులు మాత్రం శుభ్రంగా జరిగిపోయేవి.

విరూపాక్షి అక్కడికి వచ్చి పద్నాలుగు నెలలైంది. చదువుకున్నవాడు, తెలివైనవాడు. ఆ తెలివే అతన్ని ఒకచోట కుదురుగా కూర్చోనిచ్చేది కాదు. స్వామి తెల్లవారుజామున రెండు గంటలు జపం చేయమంటే ఒక గంట చేసి, రెండో గంట ఈ ముసలాయనకు నిజంగా ఏమైనా తెలుసా అని ఆలోచిస్తూ గడిపేవాడు. అంతగా మాట్లాడని మనిషి దగ్గర గొప్ప జ్ఞానమైనా ఉండాలి, ఏమీ లేకపోవడమైనా ఉండాలి. ఏదో ఒకటి తేల్చుకుంటేగాని రెండో గంట దండగ అని అతని లెక్క. ఇంటి నుంచి తెచ్చుకున్న మూటను విప్పకుండానే గది మూలన పెట్టుకున్నాడు. అందులో రెండు జతల బట్టలు, ఒక దుప్పటి, బళ్లారి వైపు ఇంకో మఠం పెద్దకు రాయించుకున్న ఉత్తరం ఉన్నాయి. చలికాలం వస్తే మఠం గొంగడి అడిగి కప్పుకున్నాడే గాని ఆ మూట ముడి మాత్రం విప్పలేదు.

ఒకనాడు పొద్దున్నే స్వామి వాకిట్లో కూర్చుని ఉండగా విరూపాక్షి చాలా రోజులుగా నానబెట్టుకున్న ప్రశ్న అడిగేశాడు. "స్వామీ, ఒక మనిషి మీద పూర్తిగా నమ్మకం కుదరనప్పుడు, సగం నమ్మి సగం మన చేతిలో ఉంచుకోవడం వివేకమే కదా?"

ఆ మనిషి ఎవరో అతను చెప్పలేదు. స్వామి కూడా అడగలేదు. కాసేపు చేతికర్రతో నేల మీద గీస్తూ ఉండి, "కురుబల సిద్ధప్ప ఇంట్లో ఇవాళ ప్రమాణం ఉంది," అన్నాడు. "నన్ను సాక్షికి పిలిచారు. నా బదులు నువ్వు పో. వాళ్లు గొంగడి మీద చెయ్యి పెట్టే ముందు, ఇద్దరినీ చెరో గొర్రెకు మందు పోసి చూపించమను. అంతే. ఇంకేమీ అడగొద్దు."

ఇది నా ప్రశ్నకు జవాబా, లేక తప్పించుకోవడమా అని విరూపాక్షికి వెంటనే అనుమానం వచ్చింది. వచ్చినా మఠం గొంగడి భుజాన వేసుకుని బయలుదేరాడు.

తీసుకుపోవడానికి సిద్ధప్పే వచ్చాడు. నలభై దాటిన మనిషి, గాలికి ఎండిన ముఖం. దారి పొడుగునా తన బావ కరియప్ప గురించే మాట్లాడాడు. కరియప్ప అతని భార్య మారెక్కకు అన్న. ఇద్దరికీ పక్కపక్కనే దొడ్లు, ఇద్దరి జీవాలూ ఒకే గుట్టల్లో మేస్తాయి. ఈ వానలు మొదలైన దగ్గర్నుంచి సిద్ధప్ప మందలో పద్నాలుగు గొర్రెలు చచ్చాయి. కరియప్ప మందలో ఒక్కటీ చావలేదు.

"మూడేండ్ల కిందట ఆయప్ప కడుపులో నట్టలకని, అదే పురుగులకని, టౌను నుంచి తెచ్చిన మందు పోస్తే నా సూడి గొర్రెలు నాలుగింటికి కడుపులు పోయినాయి సామీ," అన్నాడు సిద్ధప్ప. "అప్పుడే నాకు తెలిసింది, మందులో ఏదో కలిపినాడని. ఇప్పుడేమో అదే మందు పోస్తే ఒక్క నట్టా సావడంల్యా. నీళ్లు కలిపినాడు. ఇంకో మాట సెప్తా, యినండి. పొద్దెక్కేదాకా జీవాల్ని దొడ్లోనే పెట్టుకుంటాడు. ఎందుకు? లోపల ఏం పూజ సేస్తాడో ఎవురికి తెలుసు? మొన్న నా జీవాలు చెరువు కింది తేమ బీడులో మేసొచ్చి ఆయప్ప దొడ్డి తట్టు పోతే, కట్టె ఎత్తి తరిమినాడు. సొంత చెల్లెలి జీవాలు సామీ అవి."

మొదటిసారి మందు మరీ ఘాటని అనుమానం, ఈసారి బొత్తిగా ఘాటు లేదని అనుమానం. రెండూ ఒకే మనిషి మీద. వింటుంటే విరూపాక్షికి ఇందులో ఎక్కడో పొంతన కుదరలేదనిపించింది గాని, పొద్దెక్కేదాకా జీవాలను కట్టేసుకునే మనిషి సంగతి మాత్రం అతనికీ అంతుపట్టలేదు. చెల్లెలి గొర్రెలను కట్టెతో తరిమేవాడు మంచివాడు ఎలా అవుతాడు? గుట్ట దిగేసరికి అతనూ సగానికి సగం సిద్ధప్ప పక్షమే అయిపోయాడు.

గొంగడి ప్రమాణం గొర్రెలు కాచే ఆ కులంలో ఆటలాంటిది కాదు. గొంగడి పరిచి, దాని మీద పసుపు చల్లి, కులదేవుడు బీరప్పను తలుచుకుని ప్రమాణం చేస్తారు. చేసినవాడిది అబద్ధమైతే దేవుడే చూసుకుంటాడు. నిజమే అయినా, చేసిన ఇంటికీ చేయించిన ఇంటికీ ఆ పైన రాకపోకలు ఉండవు. అనుమానించి చెయ్యి పెట్టించిన మనిషి ఇంట్లో అన్నం తినకూడదని పెద్దల కట్టు. కరియప్ప ఇంట్లో మారెక్క తల్లి ఆరు నెలలుగా మంచంలో ఉంది. మారెక్క రోజూ పొద్దున, సాయంత్రం పోయి తల్లికి గంజి తాగించి వస్తోంది. ఇవాళ ప్రమాణం జరిగితే సాయంత్రం ఆ గడప తొక్కడానికి ఉండదు.

వీళ్లు చేరేసరికి సిద్ధప్ప దొడ్డి ముందర గొంగడి పరిచి ఉంది. కులపెద్దలు ఇద్దరు రాతి మీద కూర్చున్నారు. మారెక్క గడపలో మోకాళ్లు పట్టుకుని కూర్చుంది, ఎవరి వంకా చూడడం లేదు. కరియప్ప కాస్త ఎడంగా, దడికి ఆనుకుని నిలబడ్డాడు. గట్టి మనిషి, కళ్లు నేల మీదే ఉన్నాయి. నేరం చేసినవాడు ఇలాగే నిలబడతాడని విరూపాక్షి అనుకున్నాడు. నేరం చేయకపోయినా నిలబడేది అలాగేనని అతనికి ఆ క్షణంలో తట్టలేదు.

సిద్ధప్ప అటక మీంచి నాలుగు సీసాలు దించుకొచ్చి గొంగడి పక్కన వరసగా పెట్టాడు. రెండేళ్లలో నాలుగుసార్లు కరియప్ప తన డబ్బాలోంచి పంచి ఇచ్చిన మందు అది. నాలుగూ ఇంచుమించు సగం దాకా ఉన్నాయి.

"సాక్షి సెప్పేవాడు లేకుండా ఎట్ల అని దాసిపెట్టినా," అన్నాడు పెద్దలతో. "కావాలంటే పశువుల డాక్టరు కాడికి పంపండి. ఇందులో మందెంతో నీళ్లెన్నో ఆయనే సెప్తాడు."

ఒక పెద్ద తల ఊపాడు. రెండోవాడు గొంతు సవరించుకున్నాడు. ఇక మందులో తాను ఏమీ కలపలేదని కరియప్ప గొంగడి మీద చెయ్యి పెట్టడమే తరువాయి. అప్పుడు విరూపాక్షికి స్వామి మాట గుర్తొచ్చి, కొంచెం సిగ్గుపడుతూనే, ప్రమాణానికి ముందు ఇద్దరూ చెరో గొర్రెకు మందు పోసి చూపించాలని స్వామివారి ఆజ్ఞ అని చెప్పాడు. ఇదేం వింత అని పెద్దలు గొణిగారు. మఠం మాట కాబట్టి కాదనలేదు.

ముందు కరియప్ప వచ్చాడు. సిద్ధప్ప మందలోంచి ఒక గొర్రెను పట్టుకుని, దాని కంటి కింది రెప్పను బొటనవేలితో కిందికి లాగి చూశాడు. నట్టలు రక్తం పీల్చేసి, ఎర్రగా ఉండాల్సిన లోపలి పొర సున్నం రాసినట్టు తెల్లగా ఉంది. దవడ కింద చెయ్యి పెట్టాడు. అక్కడ నీరు చేరి సంచిలా వేలాడుతోంది. అతని ముఖం మారిపోయింది. సీసా మూత తీసి వాసన చూసి, "ఇది నేనిచ్చిందే," అన్నాడు. నడుముకు చెక్కుకున్న వెదురు గొట్టం తీశాడు. దాని మీద కత్తితో చేసిన గాటు ఉంది, డాక్టరు చెప్పిన కొలతకు. ఆ గాటు దాకా మందు నింపి, గొర్రెను మోకాళ్ల మధ్య ఇరికించి, నోటి పక్క నుంచి గొట్టం పెట్టి, పొలమారకుండా నిదానంగా పోశాడు.

తరవాత సిద్ధప్ప. తన దొడ్డి, తన గొర్రె, తన గొట్టం. అదే వెదురుది, అదే గాటు. ఏళ్లుగా చేసిన పని కాబట్టి చేతులు వాటంతటవే కదిలాయి. గొట్టం వంచాడు, మందు గాటులో సగానికి రాగానే సీసా నిలబెట్టాడు, గొర్రె నోట్లో పోసేశాడు. ఎంత వేగంగా చేశాడంటే చూసేవాళ్లకు చూశామని తెలియడానికే కాసేపు పట్టింది.

ముందు మాట్లాడింది మారెక్క. గడపలోంచే, గొంతు పెంచకుండా అడిగింది. "అంతే పోస్తావా?"

సిద్ధప్ప గొట్టం వంక చూసుకున్నాడు. గొర్రె వంక చూశాడు. "గొర్రెపిల్లలకు అంతే కదా పోసేది," అన్నాడు.

"అది పిల్లా?"

మారెక్క లేచి వచ్చి నాలుగు సీసాల ముందర నిలబడింది. "అన్న తూకం వేసి ఇచ్చినాడు, మన మందకంతా సరిపోయేటట్టు. ఈ సగం యాడిది మరి? నాలుగు దఫాలూ సగం మిగిలిందే, ఎప్పుడన్నా పూర్తిగా పోసినావా?"

సిద్ధప్ప గొంగడి అంచున కూర్చుండిపోయాడు. "కడుపులు పోయినప్పట్నుంచి నమ్మకం కుదరలేదు," అన్నాడు చివరికి, ఎవరితోనో కాదన్నట్టు. "పోయకుంటే నట్టలతో సస్తాయి. పోస్తే ఆ మందుతో సస్తాయేమోనని భయం. అందుకే సగం పోసినా."

కరియప్ప అతని ముందుకు వచ్చి కూర్చున్నాడు. ఆ ముఖంలో కోపం ఉంటుందని విరూపాక్షి చూశాడు. కోపం ఉంది కూడా, అయితే దాని కింద ఇంకేదో ఉంది.

"సగం మందుకు నట్టలు సావవు సిద్ధప్పా," అన్నాడు. "మత్తుగా పడుకుని లేస్తాయి. లేసినాక ఆ మందుకు అలవాటు పడతాయి. నాలుగుసార్లు వాటికి నువ్వే మందు అలవాటు చేసినావు. ఇప్పుడు ఈ సీసాలన్నీ నిండా పోసినా అవి లెక్కసెయ్యవు. నీ జీవాలు నా బీడు తొక్కితే నట్టలు నావాటికీ పట్టుకుంటాయని తరిమినా. మంచు ఆరకముందే మేతకు పోతే గడ్డి కొనల మీదున్న పురుగుపిల్లలు కడుపులోకి పోతాయని డాక్టరు సెప్పినాడు, అందుకే పొద్దెక్కేదాకా ఇడవను. పూజ కాదు, ఏం కాదు."

"ఇదంతా నాకు ఒక్కసారన్నా సెప్పినావా?" అన్నాడు సిద్ధప్ప.

అప్పుడు కరియప్ప అన్న మాటకు కులపెద్దలు కూడా తలలు వంచుకున్నారు. "ఆ యేడాది నాయీ రెండు కడుపులు పోయినాయి. కొత్తగా సూడి కట్టినవాటికి ఆ మందు పోయకూడదంట. నాకు తెలీదు. తెచ్చింది నేను గదా, సిగ్గయి దాసిపెట్టినా. సెప్పింటే అప్పుడే నువ్వు నాలుగు తిట్లు తిట్టి మర్సిపోయేవాడివి."

విరూపాక్షికి దారిలో తాను ఎంత తేలిగ్గా కరియప్పకు నేరం అంటగట్టాడో గుర్తొచ్చి సిగ్గేసింది. అంతకన్నా ఎక్కువ సిగ్గేసిన సంగతి ఇంకొకటి ఉంది. దాని దగ్గరికి పోకుండా మనసును పక్కకు మళ్లించాడు.

మారెక్క గొంగడి మీది పసుపు దులిపి, మడిచి, అన్న చేతికిచ్చింది. పెద్దలు లేచారు. కరియప్ప ఆ పొద్దే టౌనుకు పోయి వేరే రకం మందు అడిగి తెస్తానన్నాడు. ఈసారి జీవాలను తూకం వేసే పోయాలని, సూడివి వేరు చేయాలని, చెరువు కింది తేమ బీడు వదిలేయాలని చెప్పాడు. సిద్ధప్ప వింటూ తల ఊపాడు. ఇక అనుమానపడటానికి ఏమీ మిగలనందుకు ఆ మనిషి ఎంత అలిసిపోయాడో చూస్తే జాలేసింది.

రెప్ప తెల్లబడిన గొర్రె దొడ్డి మూలన వణుకుతూ పడుకుంది. అది బతుకుతుందో లేదో కరియప్ప కూడా చెప్పలేకపోయాడు. విరూపాక్షి భుజాన ఉన్న గొంగడి తీసి దాని మీద కప్పి వచ్చాడు. వెనక్కి తిరిగి చూస్తే మారెక్క గంజి ముంత చంకన పెట్టుకుని అన్న ఇంటి వైపు నడుస్తోంది.

మఠం చేరేసరికి పొద్దు వాలుతోంది. గుట్టల మీంచి చలిగాలి మొదలైంది. స్వామి పొద్దున కూర్చున్న చోటే కూర్చుని ఉన్నాడు. విరూపాక్షి జరిగిందంతా చెప్పాడు, నాలుగు సీసాలతో సహా. స్వామి ఎక్కడా ఆశ్చర్యపోలేదు. ఈయనకు ముందే అంతా తెలుసా అన్న అనుమానం అలవాటు కొద్దీ తలెత్తింది గాని ఈసారి అది ఎక్కువసేపు నిలవలేదు. చెప్పడం అయిపోయాక విరూపాక్షి తన ప్రశ్నకు జవాబు కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాడు. చలికి రెండు చేతులూ చంకల్లో పెట్టుకున్నాడు.

స్వామి అతని ఖాళీ భుజం వంక చూశాడు.

"మఠంలో ఉన్న ఒక్క గొంగడీ గొర్రె మీద కప్పి వచ్చావు," అన్నాడు. "నీ మూటలో దుప్పటి ఉందేమో చూసుకో."