పుంజుగారి తూర్పు కిటికీ తెర

గోదావరి లంకలో బంగారయ్య దొడ్డికి రాత్రంతా కుక్క కాపలా. తెలతెలవారుతుండగా అది అలిసిపోయి పడుకుంటుంది. సరిగ్గా అప్పుడే పుంజు కూస్తుంది, ఆ కూతకి బంగారయ్య లేచి కర్ర పట్టుకుని బయటికొస్తాడు. ఈ రెంటికీ నడుమ సందు దొరక్క, రెల్లుదుబ్బుల్లో కాపురముండే నక్క ఏళ్ళ తరబడి గుటకలు మింగుతూనే ఉంది.

ఆ పుంజు పేరు డేగరాజు. నల్లగా నిగనిగలాడే పెద్ద తోక ఆయనది. దొడ్డిలోకి ఎవరొచ్చినా ముందు ఆ తోక చూడాలి. చూడకపోతే ఆయనే అటు తిరిగి నిలబడేవాడు.

అలాంటిది ఒకనాడు అందరూ ఆయన్ని దాటుకుని చింతచెట్టు దగ్గరికి పోయారు. ఆ చెట్టు తొర్రలో ఉండే గుడ్లగూబ గూబమ్మ తన కిటికీకి కొత్త తెర కట్టించుకుంది. గిజిగాడు దాన్ని జమ్ముతో దట్టంగా నేసి, లోపల బూరుగుదూది కూరి, మోదుగపూల రంగు అద్ది, అంచుకి కుచ్చులు వేశాడు.

"అబ్బ, ఎంత బాగుందో!" అన్నాయి బాతులు. ముసలి ఎద్దు నెమరు ఆపి మరీ చూసింది.

డేగరాజు కడుపు భగ్గుమంది. తన తోక కోసం ఆ ఎద్దు ఏనాడూ నెమరు ఆపలేదు!

ఆ పూట గింజ ముట్టలేదు. భార్య చుక్కమ్మ పిల్లల్ని వెంటేసుకుని వచ్చి అడిగింది. "ఏంటండీ, ఒంట్లో బాగోలేదా?"

"మన కిటికీ చూశావా? చిల్లుల తాటాకు తడిక! సిగ్గుగా లేదూ?"

"ఆ చిల్లుల్లోంచే కదండీ పొద్దున్నే వెలుతురు మీ కళ్ళ మీద పడేది. అందుకే కదా మీకు మెలకువొచ్చేది."

"ఏంటీ, వెలుతురు నన్ను లేపుతుందా? నేను కూస్తేనే వెలుతురొస్తుందే పిచ్చిదానా!"

చుక్కమ్మ పిల్లల్ని తోలుకుని గింజల వైపు పోయింది. ఆ మాట మీద ఆయనతో వాదించి నెగ్గినవాళ్ళు ఆ దొడ్డిలో లేరు.

డేగరాజు ఉసూరుమంటూ కంచె పక్కన తిరుగుతుంటే, అవతల నుంచి నక్క పలకరించింది. "ఏం డేగరాజుగారూ, మొహం వాడిపోయింది? ఆ గూబమ్మ తెర చూసి లోకమంతా ముక్కున వేలేసుకుంటోందట కదా?"

"నీకూ తెలిసిందా?" అన్నాడు పుంజు ఏడుపుగొంతుతో.

"తెలీకేం! నాకైతే ఒళ్ళు మండిపోయిందండి. పగలంతా పడుకునే మనిషికి అంత తెరా? ఊరిని లేపే మీకు తాటాకు తడికా? మీ హోదాకి అంతకు రెట్టింపు మందం ఉండాలండీ. చీమ దూరే సందు కూడా ఉండకూడదు."

తన కడుపులో మాట ఎదుటివాడి నోట్లోంచి వస్తే ఎంత కమ్మగా ఉంటుంది! అది ఎవరి నోరో డేగరాజు చూసుకోలేదు. తిన్నగా గిజిగాడి దగ్గరికి పోయాడు.

గిజిగాడికి ఒక అలవాటుంది. ఎవరికి తెర నేయాలన్నా ముందు రెండు మాటలు అడుగుతాడు. "మీ కిటికీ ఏ దిక్కుకుంది పుంజుగారూ? మీరు నిద్రపోయేదెప్పుడు?"

"అవన్నీ నీకెందుకు? గూబమ్మకి నేసినట్టే నెయ్యి. దానికి రెట్టింపు మందంగా."

"చెప్పకపోతే ఎలాగండీ? ఆవిడ..."

"ఆవిడ గొప్పా, నేను గొప్పా?"

గిజిగాడు నిట్టూర్చి జమ్ము అందుకున్నాడు.

తెర కట్టిన సాయంత్రం దొడ్డంతా వచ్చి చూసింది. ఎద్దు ఈసారీ నెమరు ఆపింది. డేగరాజు చింతచెట్టు వైపు ఓ చూపు విసిరి, గర్వంగా లోపలికెళ్ళి పడుకున్నాడు.

తూరుపు తెల్లబడింది. కుక్క పడుకుంది. గూటిలో మాత్రం ఇంకా చీకటే. డేగరాజు గురక పెడుతున్నాడు, రెక్కల కింద పిల్లలతో చుక్కమ్మ కూడా నిద్రపోతోంది. బంగారయ్య మంచం మీద అటు నుంచి ఇటు తిరిగి పడుకున్నాడు.

నక్క తీరిగ్గా వచ్చింది. గూటి మీద ముందుకాళ్ళు వేసి, తెర కిందనుంచి తల దూర్చింది. లోపల కన్ను పొడుచుకున్నా ఏమీ కనిపించలేదు. పిల్లల వాసన పట్టుకుని నోటికందింది కరిచింది. అది డేగరాజు తోక!

పుంజు గావుకేక పెట్టాడు. ఆ కేక కాస్తా దూదిలో ఇంకిపోయింది.

వేట ముగించుకుని ఇంటికి మళ్ళిన గూబమ్మకి అనుమానం వచ్చింది. తెల్లారిపోయింది, కూత వినపడలేదేం? దొడ్డి వైపు చూస్తే, కిటికీ బయట నక్క వెనకభాగం కనిపించింది. గూబమ్మ ఒక్క ఉదుటున వచ్చి, గోళ్ళతో తెరని పట్టి ఊడబెరికింది.

వెలుతురు భళ్ళున కళ్ళ మీద పడింది. అంత భయంలోనూ అలవాటు ఊరుకోదు కదా, డేగరాజు "కొక్కొరోకో!" అన్నాడు. బంగారయ్య కర్రతో పరుగెత్తుకొచ్చాడు. దెబ్బ నడుం మీద పడేసరికి నక్క నోటినిండా ఈకలతో రెల్లుదుబ్బుల్లోకి పారిపోయింది.

పిల్లలన్నీ క్షేమం. తోకే లేదు.

"నేను పగలు పడుకునేదాన్ని నాయనా, నాకు చీకటి కావాలి," అంది గూబమ్మ రొప్పుతూ. "నీకెందుకు చెప్పు?"

డేగరాజు గూటి వెనక్కి పోయాడు. పాత తాటాకు తడిక వెతికి తెచ్చి, తనే కిటికీకి కట్టాడు. ఊడిన తెరని చుక్కమ్మ పిల్లలకి పరుపుగా పరిచింది.

మధ్యాహ్నం బాతులు వచ్చాయి. "అబ్బ, ఎంత బాగుందో!" అన్నాయి.

డేగరాజు అలవాటుకొద్దీ అటు తిరిగి నిలబడ్డాడు. బాతులు చూస్తున్నది పిల్లల పరుపునని తెలిశాక, వెనక ఈక ఒక్కటీ లేదని గుర్తొచ్చాక, మెల్లగా ఇటు తిరిగి గోడకి ఆనుకున్నాడు.

నీతి: పక్కింటి మీద ఏడుపుతో కట్టుకున్న తెర మన ఇంటి వెలుతురునే ఆపుతుంది.