చివరింటి కుండ

ఆ ఊళ్ళో చివరింటి ముందు ఎప్పుడూ ఒక నీళ్ళ కుండ ఉండేది.

ఊరు పుట్టక ముందు అక్కడ ఎర్రమట్టి దిబ్బలు, వాటి మధ్య ఒక దారి తప్ప ఇంకేమీ లేదు. పని వెతుక్కుంటూ ఎండలో నడిచొచ్చిన మొదటివాళ్ళు సొమ్మసిల్లి పడబోతుంటే, అప్పటికే అక్కడ గుడిసె వేసుకున్న ఒక ముసలావిడ వాళ్ళకు నీళ్ళు పోసింది. ఆవిడ పోయినా ఆనవాయితీ పోలేదు. ఊరికి చివరున్న ఇంటివాళ్ళు వాకిట్లో తడి ఇసుక పోసి, దాని మీద కుండ పెట్టాలి. బయటి నుంచి ఎవరొచ్చినా చెంబు చేతికిచ్చి, "ముందు నీళ్ళు తాగు, ఎవరింటికో తర్వాత చెబుదువు గాని" అనాలి. ఆ ఇంటికి అవతల మరో ఇల్లు లేచి, అందులో పాలు పొంగించిన రోజున కుండను చంకనెత్తుకుని వెళ్ళి కొత్తవాళ్ళకు అప్పగించాలి. నిన్న వచ్చినవాళ్ళకే ఇవాళ వచ్చేవాళ్ళ దాహం బాగా తెలుస్తుందని ఆ ఊరివాళ్ళ నమ్మకం.

మొదట్లో కుండ ఒక్కో వాకిట్లో ఏళ్ళ తరబడి ఉండేది. తర్వాత ఊరికి ఊపొచ్చింది. పొద్దున దిగినవాడికి సాయంత్రానికల్లా పని దొరుకుతుందన్న మాట చుట్టుపక్కల పాకిపోయింది. అది అబద్ధమూ కాదు. రాళ్ళు కొట్టేవాళ్ళు, గోడలు కట్టేవాళ్ళు, కట్టేవాళ్ళకు వండిపెట్టేవాళ్ళు, ఆ వంటకు కట్టెలు తెచ్చేవాళ్ళు, అందరూ వచ్చారు. దుమ్ముకు దగ్గారు, ఇరుకుకు విసుక్కున్నారు, బావులు అడుగంటాయని తిట్టుకున్నారు. తిట్టుకుంటూనే తమ్ముళ్ళకీ బావమరుదులకీ రమ్మని కబురు పెట్టారు. ఆ ఊరి మీద వాళ్ళకున్న ప్రేమ అలాంటిది. ఇక కుండకు స్థిమితం లేకుండా పోయింది. నీళ్ళు చల్లబడే లోపే దాన్ని పక్క వాకిటికి మోసుకుపోయేవారు.

అలాంటి రోజుల్లో ఆ ఊరికి ఒక చెల్లెలు వచ్చింది.

ఆమె వెదురు గంపలు అల్లుతుంది. సొంత ఊళ్ళో ఆమె గంపలు చూరు కింద దుమ్ము పట్టి ఉండేవి. ఇక్కడ అల్లిక పూర్తికాక ముందే ఎవరో ఒకరు వచ్చి పట్టుకెళ్ళేవారు. లోకంలో ఆమెకు మిగిలింది ఒక్క అక్క. అక్క ఇంట్లో ఆవు చూలుతో ఉంది. అది ఈని, దూడ లేచి నిలబడ్డాక ఎవరికైనా అప్పగించి వస్తానని అక్క మాటిచ్చింది. చెల్లెలు ఊరి చివర ఇల్లు వేసుకుంది, పాలు పొంగించింది, కుండ అందుకుంది. అటువైపు వెళుతున్న బండివాడితో అక్కకు గుర్తు చెప్పి పంపింది. వాకిట్లో కుండ ఉన్న ఇల్లే మనదని.

ఇంతకంటే తెలివితక్కువ గుర్తు ఇంకొకటి ఉండదు. కానీ ఆ ఊళ్ళో అందరూ ఆ గుర్తే చెప్పి పంపారు. వచ్చిన కొత్తలో ప్రతివాళ్ళదీ చివరిల్లే, ప్రతివాళ్ళ వాకిట్లోనూ కుండే. అది తమ దగ్గర ఎన్నాళ్ళుంటుందో అప్పటికి ఎవరూ ఆలోచించరు.

ఆమె అల్లిన గంపలతోనే మట్టి మోసి, ఆమె ఇంటికి అవతల ఇంకో ఇల్లు లేపారు. పాలు పొంగాయి. చెల్లెలు కుండ ఎత్తుకెళ్ళి ఆ ఇంటావిడకు అప్పగించి, తన అక్క వస్తే ఇటు పంపమని చెప్పింది. ఆవిడ తప్పకుండా పంపుతానంది. కొద్ది రోజులకే ఆవిడ కూడా కుండను ముందుకు పంపించేసింది. కుండ వెళ్ళింది గాని, దాంతోపాటు చెప్పాల్సిన మాట వెళ్ళలేదు. ఇల్లు సర్దుకునే హడావిడిలో ఆవిడ మర్చిపోయింది.

చెల్లెలు మొదట్లో రోజూ ఊరి చివరికి వెళ్ళి అడిగి వచ్చేది. ఎంత దూరం వెళితే ఊరు అంత దూరం జరిగేది. ఒకరోజు సగం దారిలో ఆగిపోయింది. తను ఇలా వెతుక్కుంటూ తిరుగుతుంటే, అక్క వచ్చి గొళ్ళెం పెట్టిన తలుపు చూసి వెనక్కి పోతే ఏం కాను అనుకుంది. ఆ రోజు నుంచి ఇల్లు కదలలేదు. వాకిట్లో కూర్చుని గంపలు అల్లుతూ, దారి మీద కళ్ళు పెట్టుకుని ఉండిపోయింది.

ఈ లోపు అక్క రానే వచ్చింది. చివరింటి కుండ దగ్గరికి వచ్చి, నీళ్ళు తాగి, చెల్లెలి పేరు చెప్పింది. ఆ పేరు గలవాళ్ళు ఊళ్ళో బోలెడుమంది ఉన్నారని, ఏ వీధో చెప్పమని అన్నారు. వీధి పేరు అక్కకు తెలియదు. తెలిసిందల్లా కుండ ఒక్కటే. చెల్లెలు కుండ ఉన్న ఇల్లు అంది కాబట్టి ఎప్పటికైనా కుండ దగ్గరికి రాకుండా ఉండదని నిశ్చయించుకుంది. కుండకు నీళ్ళు మోసే పని అడిగి పుచ్చుకుంది. కుండ ఏ వాకిటికి పోతే ఆ వాకిటికి వెళ్ళి, వచ్చిన ప్రతి ఆడమనిషి మొహంలోకీ చూసేది. ఇద్దరిదీ ఒకే మొండితనం. ఒకరు కదలనంటే కదలనని కూర్చున్నారు, ఇంకొకరు కుండను వదలనంటే వదలనని నడిచారు. మధ్యలో ఊరు పెరుగుతూ పోయింది.

ఎండలు ముదిరాక చెల్లెలు ఒక పని చేసింది. కుమ్మరి దగ్గర్నుంచి కొత్త కుండ తెప్పించి, తన వాకిట్లో ఇసుక పోసి పెట్టింది. ఇంటి గుర్తు పోయింది కాబట్టి ఆ గుర్తును మళ్ళీ చేసుకుంది, అంతే. కుండలో గుప్పెడు వట్టివేళ్ళు వేసింది. వాళ్ళమ్మ ఎండాకాలం అలాగే వేసేది. ఊరి నుంచి తెచ్చుకున్న వట్టివేళ్ళ పిలక ఒకటి పెరట్లో స్నానాల నీళ్ళు పారే చోట నాటితే, అది బలంగా దుబ్బు కట్టి ఉంది.

ఈ సంగతి ఊరిపెద్ద చెవిన పడింది. ఆయన చెడ్డవాడు కాదు. ఊరు తన చేతుల్లోంచి జారిపోతోందని కంగారుపడే మనిషి.

"రెండు చోట్ల కుండలుంటే, వచ్చేవాడికి మన ఊరు ఎక్కడ మొదలైందో ఎలా తెలుస్తుందమ్మా?" అని అడిగాడు.

"దాహం తీరిన చోట మొదలైందనుకుంటాడు లెండి బాబుగారూ" అంది చెల్లెలు. చెంబు ముంచి ఆయన చేతికిచ్చింది.

ఆయన చెంబెడూ తాగి, కండువాతో మూతి తుడుచుకున్నాడు. సరేనని అనలేదు. కుండ తీసేయమనీ అనలేదు. ఎండలోకి మెల్లగా వెళ్ళిపోయాడు.

ఒక్క కుండతో పని కాదని చెల్లెలికి తొందరలోనే తెలిసింది. ఊరి చివర ఆగిపోయిన మనిషికి ఊరి మధ్యలో ఉన్న కుండ కనబడదు. చివరి దాకా వాకిలి వాకిలికీ కుండ ఉంటే తప్ప అక్క తన దాకా రాలేదు. దాంతో పక్కింటి తలుపు తట్టింది. అప్పట్లో తను కుండ అప్పగించిన ఆ ఇల్లు ఒక మేస్త్రిది. మేస్త్రి భార్యకు నోరు కాస్త ఎక్కువ.

బావిలో బురద తేలుతుంటే దానధర్మాలా అని ఆవిడ కసిరింది. వచ్చినవాళ్ళకు నీళ్ళిస్తే ఇంకా వస్తారని, ఇప్పటికే కాలు పెట్టే చోటు లేదని దులిపేసింది. చెల్లెలు విని ఇంటికి వచ్చేసింది. మర్నాడు తన వంతు నీళ్ళలోంచి ఒక బిందె తీసుకెళ్ళి ఆవిడ గడప దగ్గర పెట్టింది. ఆ మర్నాడూ పెట్టింది. ఆవిడకు తిక్క రేగింది.

"అసలు నీకేం కావాలి?"

"మా అక్క రావాలి వదినా, కుండ ఇచ్చిన రోజే చెప్పాను. కుండ ఉన్న ఇల్లని గుర్తు చెప్పి పంపాను."

మేస్త్రి భార్య తిట్టబోయి ఆగిపోయింది. ద్వారబంధం పట్టుకుంది. "మా తమ్ముడికి నేనూ అదే చెప్పానే" అంది. ఆ తమ్ముడు బయల్దేరాడని కబురు అందింది గాని, మనిషి ఇప్పటికీ రాలేదు. దారిలో ఏమైపోయాడోనని ఆవిడ ఎవరికీ చెప్పకుండా ఏడుస్తోంది. ఆ నోరంతా ఆ దిగులుదే.

ఆ సాయంత్రమే మేస్త్రి వాకిట్లో కుండ వెలిసింది. చెల్లెలు పెరట్లోంచి వట్టివేళ్ళ పిలక చీల్చి ఆవిడకిచ్చింది. స్నానాల నీళ్ళలో బతుకుతుందని, వేరే నీళ్ళు అడగదని చెప్పింది. తర్వాతి ఇంటికి మేస్త్రి భార్యే వెళ్ళింది. ఆవిడ వెళితే కాదనడం ఎవరి తరమూ కాదు. పైగా ఏ ఇంట్లో అడిగినా ఎవరో ఒకరి కోసం ఎదురుచూస్తూనే ఉన్నారు. అన్న కోసం, అత్త కోసం, పెళ్ళి మాట ఇచ్చిన మనిషి కోసం. ప్రతివాళ్ళూ తామొక్కరే అంత తెలివితక్కువ గుర్తు చెప్పామనుకుని సిగ్గుతో నోరు మూసుకున్నారు.

కొందరు తలుపు తీయలేదు. కొందరు కుండ పెట్టి, నీళ్ళు పోయడం మానేశారు. ఒకచోట కుండ పగలగొట్టారు. చెల్లెలు ఇంకో కుండ పంపి పెట్టించింది. మళ్ళీ పగిలితే మళ్ళీ పంపింది. వాకిలి తర్వాత వాకిలిగా కుండలు, వాటితోపాటు వట్టివేళ్ళ పిలకలు, ఊరి చివరి వైపు సాగాయి. ఊరు పరుగు మీద ఉంటే కుండలు నడక మీద ఉన్నాయి. అయినా అవి ఆగలేదు.

ఒక మధ్యాహ్నం, ఊరి చివర అక్క కుండ తోముతోంది. వెనకింటావిడ వచ్చి గుప్పెడు వేళ్ళు చేతిలో పెట్టి, "ఇవి కూడా వెయ్యమ్మా, ఇప్పుడు మా వరసలో అందరం వేస్తున్నాం" అంది.

అక్క వాటిని ముక్కు దగ్గర పెట్టుకుంది. తను ఇంటి నుంచి తెచ్చిన వేళ్ళ వాసన ఎప్పుడో పోయింది. ఆ పీచును ఇంకా కొంగున ముడేసుకునే ఉంది. ఇవి ఎవరిచ్చారని అడిగితే, పక్కింటావిడ అని జవాబొచ్చింది. ఆ పక్కింటికి వెళ్ళి అడిగితే, దాని పక్కింటావిడ అన్నారు. అక్క కుండను ఉన్నచోటే వదిలేసి ఊరిలోకి నడిచింది. కుండ ఉన్న ప్రతి వాకిట్లోనూ నీళ్ళు తాగందే కదలనివ్వలేదు. ప్రతి చెంబులోనూ వాళ్ళమ్మ కుండ వాసన వచ్చింది.

మేస్త్రి వాకిలి దాటాక, గంపల కుప్ప పక్కన వంగి కూర్చున్న వీపు కనబడింది.

చెల్లెలు అలికిడికి చేతిలో వెదురు బద్ద పక్కన పెట్టి, తల పూర్తిగా ఎత్తకుండానే చెంబు ముంచింది. "ముందు నీళ్ళు తాగు" అని అలవాటుగా అంది. చెంబు అందుకున్న చేతిని చూశాక ఇక మిగతా మాట రాలేదు.

ఇద్దరూ ఇసుకలో కూలబడి ఏడ్చారు. కడుపులో ఇన్నాళ్ళు దాచుకున్నదంతా పోయేదాకా ఏడ్చారు. మేస్త్రి భార్య గోడ అవతల నిలబడి తనూ కళ్ళు ఒత్తుకుంది. దూడ ఎలా ఉందని చెల్లెలు అడిగింది. తెల్లటి పెయ్య అని అక్క చెప్పింది.

కాసేపటికి అక్క ఉలిక్కిపడి లేచింది.

"ఏమే, అక్కడ కుండ దగ్గర ఎవరూ లేరే" అంది.

చెల్లెలు ఆపలేదు. ఇన్నాళ్ళలో మొదటిసారి గొళ్ళెం పెట్టి, తన కుండను కనిపెట్టుకోమని మేస్త్రి భార్యకు చెప్పింది. అక్కతో కలిసి నడిచింది. పొద్దు వాలుతుంటే ఇద్దరూ చివరింటికి చేరారు. ఆ వాకిట్లో ఇసుక తడిగానే ఉంది. కుండ లేదు. అక్క వాకిలంతా కలయజూసింది. చెల్లెలు ఆమె చెయ్యి పట్టుకుని ముందుకే నడిచింది.

అవతల, అక్క పొద్దున చూసినప్పుడు తలుపైనా ఎత్తని ఇంటికి ఇప్పుడు మామిడాకులు కట్టి ఉన్నాయి. పొంగిన పాల వాసన ఇంకా పోలేదు. అరుగు మీద కూర్చున్న ఆవిడ పాదాలకు దారి దుమ్ము కూడా వదల్లేదు. దుమ్ము కొట్టుకున్న ఇద్దరు ఆడవాళ్ళు వస్తుంటే చూసి, ఆవిడ గబుక్కున లేచి చెంబు ముంచింది.

"ఊరికి కొత్తా అమ్మా? ముందు నీళ్ళు తాగండి. ఎవరింటికో తర్వాత చెబుదురు గాని."

నీళ్ళు వట్టివేళ్ళ వాసన వేస్తున్నాయి. అక్క సగం తాగి చెల్లెలికిచ్చింది. చెల్లెలు మిగతాది తాగి, మూతి తుడుచుకుంది. ఆవిడ ఇంకా వాళ్ళ ముఖాల్లోకే చూస్తూ, ఎవరింటికో చెబుతారని ఎదురుచూస్తోంది.

"కుండ ఉన్న ఇంటికే" అంది అక్క.

ఆవిడ జరిగి అరుగు మీద ఇద్దరికీ చోటిచ్చింది.