గడ్డి ముసుగులో వచ్చిన ఆచారం

ఐర్లండులో ఒక కొండపల్లె. అక్కడ క్రిస్మస్ మర్నాడంటే రెన్ పిట్టకు గండం. ఒళ్ళంతా కలిపి బొటనవేలంత ఉంటుందది. ఎప్పుడో ఊరివాళ్ళు నిద్రలో ఉన్న శత్రువుల మీదికి చప్పుడు కాకుండా వెళ్తుంటే, దాని ముత్తవ్వ ఒకతె డోలు మీద గింజలు పొడిచి, ఆ చప్పుడుతో శత్రువుల్ని నిద్రలేపిందట. ఆ నేరానికి ఏటా గడ్డి ముసుగులు తొడుక్కున్న గుంపు ఇల్లిల్లూ తిరిగి, ఓ రెన్ పిట్టను పట్టి కర్రకు కట్టి ఊరేగిస్తుంది. పైగా దానికి పక్షిరాజని పేరు! మెడ విరిచేవాళ్ళిచ్చే బిరుదులు అలాగే ఉంటాయి. మెత్తనివాళ్ళను చూస్తే మొత్తబుద్ధి.

ఆ ఏడు ఓ రెన్ పిట్ట గాడిద కొట్టంలో, దూలం మీద దాక్కుంది. కింద గాడిద, నాలుగు కోళ్ళు. తెల్లారగానే తలుపు చప్పుడైంది. తల నుంచి కాళ్ళదాకా ఓట్స్ గడ్డి కప్పుకున్న ముసుగువాడు!

“పిట్టను అప్పగించండి. ఆచారం. మీ జోలికి రాను.”

ఎర్రకోడి మెడ సాచింది. “దిగవే తల్లీ! నీ ఒక్కదాని కోసం మా అందరి మీదికీ ఎందుకు తెస్తావు?”

“ఎప్పుడో ఎవరో డోలు పొడిస్తే నేనెందుకు చావాలక్కా?”

“పెద్దలు పెట్టింది.”

“పెట్టిన పెద్దల్లో పిట్ట ఒక్కతైనా ఉందా?”

గాడిద చెవులు వాల్చుకుని, “నాకెందుకొచ్చిన గొడవ,” అన్నాడు.

పిట్ట పైనుంచి చూసింది. గడ్డి అంచు కింద ఎర్రబొచ్చు, నల్లపంజా. నక్క! అరిస్తే ఎవరు నమ్ముతారు? ఆ గడ్డికి మాత్రం నూర్చని కంకులు వేలాడుతున్నాయి.

“సరే, ఆచారమే కానీ. ముసుగువాడు ముందు ఆడాలి, తర్వాతే అడగాలి. మూడు చుట్లు ఆడు. నేనే దిగొస్తా.”

“నా ఆట చూసి చావడం నీ అదృష్టం,” అంటూ నక్క గంతేసింది.

మొదటి చుట్టుకు గింజలు జలజలా రాలాయి. కోళ్ళు ఎగబడ్డాయి. రెండో చుట్టుకు గాడిద, “పండగపూట మేత నడిచొచ్చిందే!” అని నక్క నడుం దగ్గరి గడ్డి నోటికందుకున్నాడు.

“ఓయ్, వదులు! అది నా బట్ట!”

“పండక్కొచ్చినవాడు వట్టిచేతుల్తో రాకూడదు బావా!” అంది పిట్ట.

మూడో చుట్టు పూర్తికాలేదు. లాగినకొద్దీ గడ్డి ఊడి, తోక బయటపడింది. నక్క ఎర్రకోడి మెడ మీదికి దూకింది. గాడిద వెనక్కాళ్ళు లేచాయి. ఆ తన్నుకు నక్క గడప దాటి బురదలో పడి, కుంటుకుంటూ కొండెక్కింది.

కోళ్ళన్నీ దూలమెక్కాయి. “తెలిసీ చెప్పలేదేం?” అంది ఎర్రకోడి.

“చెబితే, చావుభయంతో కూస్తోందనేదానివి. జరుగు. వెచ్చటి నడిమిచోటు నాది. ఇవాళ పక్షిరాజును నేనే కదా!”

కోడి జరిగింది.

పక్కదాని మెడ అడిగే ఆచారానికి తలుపు తీస్తే, రెండో మెడ మనదే.