నలభై వేళ్ళ తెర

మా గురువుగారు మృత్యుంజయంగారు ఏ వస్తువు కొనాలో ఎవరికీ చెప్పరు. అది తెలిసి కూడా కోదండపాణి నాలుగు ఆదివారాలుగా ఆయన్ని ఒకటే ప్రశ్నతో కాల్చుకు తింటున్నాడు: "గురువుగారూ, మీటింగు హాలుకి ఏ టచ్ స్క్రీన్ కొనమంటారు?"

కోదండపాణి మా కాలువ నీటి సంఘానికి కార్యదర్శి. నేనూ అందులో సభ్యుణ్ణే కాబట్టి ఆ నస నాకు వారమంతా తప్పేది కాదు. ఒకటి డెబ్బై అయిదు అంగుళాలు, ఇంకోటి ఎనభై ఆరు. ఒకదాని మీద ఒకేసారి ఇరవై వేళ్ళతో రాయవచ్చు, ఇంకోదాని మీద నలభై. ఒకటి కిటికీ వెలుతురుకి మెరుస్తుంది, ఇంకోటి మెరవదుగాని ఫోను తగిలిస్తే ఓ పట్టాన అందుకోదు. ఇవన్నీ గడులు గీసి రాసుకుని, ఆ కాగితం జేబులో పెట్టుకు తిరిగేవాడు. ఈలోగా నీటి వంతుల మాట ఎత్తితే చాలు, "తెర రానివ్వండి, మ్యాపు పెట్టుకుని తేల్చుకుందాం" అని వాయిదా. అలా మూడు మీటింగులు గడిచాయి. కాలువ చివర పొలాల్లో వరి పొట్టమీద ఉంది. ఇంకో వారం నీళ్ళందకపోతే మిగిలేది తాలే. నా తల ప్రాణం తోకకొచ్చింది.

చివరికి చూసి ఎంచుకోమని దుకాణాలవాళ్ళు రెండు తెరలూ తెచ్చి హాల్లో నిలబెట్టారు. గురువుగారు పిలవకుండానే వచ్చి వెనక బెంచీ మీద కూర్చున్నారు. రెండింటి మీదా మా కాలువ మ్యాపు వెలిగింది.

"ఇరవై వేళ్ళన్నావుగా, ఏదీ, పెట్టించు" అన్నారాయన.

ముందు వరసలోంచి అధ్యక్షుడు బాపినీడుగారు, ఆయన బావమరిది, మరో ఇద్దరు లేచి తలో గీతా గీసి మురిసిపోయారు. తరవాత చివరి పొలాల రైతు చుక్కమ్మ లేచింది. కోదండపాణి అడ్డం వెళ్ళాడు.

"చేతులు కడుక్కుని రా అమ్మా, తెరకి బురదంటుతుంది."

"బురదకైనా నీళ్ళుండొద్దూ బాబూ?" అంటూ ఆవిడ అతన్ని తప్పించుకు వెళ్ళి నాలుగో తూము మీద వేలు పెట్టింది. "నీళ్ళు ఇక్కడే ఆగిపోతన్నాయి. రేత్రీ పగలూ ఈ తూము మూయరు."

మ్యాపు మీద ఎర్రచుక్క పడింది. ఆ తూము కింద పొలాలు బాపినీడుగారివి. ఆయన గొంతు సవరించుకున్నారు. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ సంగతి తెలిసి కూడా మూడు మీటింగుల్లోనూ నేను నోరు విప్పలేదు. కోదండపాణి గబగబా తెర మీది గీతలు చెరిపే తుడుపుగుడ్డ అందుకున్నాడు. ఎర్రచుక్క మీదికి వంగుతూనే, ఇంత జరిగాక కూడా వెనక్కి తిరిగి అడిగాడు:

"చూశారుగా గురువుగారూ, రెండింట్లో ఏది మంచిదంటారు?"

గురువుగారు లేచి ముందుకొచ్చి చెయ్యి చాపారు.

"రెండూ మంచివేరా. ముందు ఆ గుడ్డ ఇలా ఇయ్యి."